ఉరుము లేని పిడుగు

తలనొప్పి ఎరుగని ఇల్లు లేదు. ఎండలో తిరిగి వచ్చినవారికి తలనొప్పి, రాత్రి నిద్ర చాలనివారికి తలనొప్పి, ఉపవాసమున్నవారికి తలనొప్పి, కండ్లద్దములు మార్చుకొనవలసినవారికి తలనొప్పి. ప్రతి యింటను దీనికొక వైద్యము కలదు. ఒకరు శొంఠి అరగదీసి నొసట పట్టు వేయుదురు. ఒకరు వేడి కాఫీ త్రాగి చీకటి గదిలో పడుకొందురు. ఒకరు అమృతాంజనము రాసికొందురు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆ లేపనమును ఆరంభించిన నాటినుండి తెలుగువారి యిండ్లలో ఆ చిన్న సీసా తన చోటును నిలుపుకొనియే యున్నది. చాల తలనొప్పులు ఈ ఉపచారములతోనో, అవి లేకుండగనో తగ్గిపోవును. కనుకనే తలనొప్పి యన్న మనకు అంత చులకన.

అయితే ఈ చులకన చెల్లని తలనొప్పి ఒకటి కలదు. అది మెల్లమెల్లగ పెరుగునది కాదు. ఉన్నట్టుండి వచ్చి పడును. పడిన నిమిషములోపలనే, పెక్కుమారులు కొన్ని క్షణములలోనే, తన పరాకాష్ఠకు చేరును. అనుభవించినవారు తమ జన్మలో అట్టి నొప్పి ఎరుగమందురు. అనుకొనని ఆపదను మన పెద్దలు ‘ఉరుము లేని పిడుగు’ అనిరి. చిత్రమేమనగా, పాశ్చాత్య వైద్యులును ఈ నొప్పికి ‘థండర్‌క్లాప్ హెడేక్’ అని పేరు పెట్టిరి. అదియు పిడుగు మాటయే. 1986లో డే, రాస్కిన్ అను ఇద్దరు అమెరికా వైద్యులు ‘లాన్సెట్’ పత్రికలో ఒక రోగి వృత్తాంతమును ప్రకటించుచు ఈ పేరును వైద్యలోకమున ప్రచారమునకు తెచ్చిరి.

ఈ నొప్పి ఎట్లు వచ్చునో తెలియుటకై హిమాయత్‌నగరులో ఒక ఇంటిని ఊహించుకొందము. పెద్దవీధి రద్దీ వినబడియు వినబడని ఒక లోపలి సందు. అందులో రెండవ అంతస్తున ఒక కుటుంబము. ఇంటి ఆడబిడ్డ పురిటికి వచ్చినది. కాన్పు సుఖముగ జరిగినది. నేటికి ఇరువదియొకటవ దినము, సాయంకాలము బారసాల. చిక్కడపల్లి నుండి పెద్దమ్మ, నారాయణగూడ నుండి మేనత్త తెల్లవారగనే వచ్చినారు. తల్లి కూతునకు తలంటి వేడినీళ్ళు పోయుచున్నది. రెండవ చెంబు పోసినదో లేదో, ఆ పిల్ల రెండు చేతులతోను తల పట్టుకొని “అమ్మా, తల పగిలిపోతోందే!” అని కేక వేసి కూలబడినది.

అంతవరకు ఆమెకు ఏ బాధయు లేదు. పొడిగుడ్డ చుట్టి మంచముపై పడుకొనబెట్టిరి. ఒక వాంతి అయినది. వెలుతురు చూడలేకున్నది. “పచ్చి బాలింత, చలిగాలి తగిలింది, చెవుల్లో దూది పెట్టండి” అని పెద్దమ్మ అన్నది. “రాత్రంతా పిల్లాడు నిద్ర పోనిస్తేగా, అదే అయ్యుంటుంది” అని మేనత్త అన్నది. తమ్ముడు వీధి చివరనున్న మందుల దుకాణమునకు పోయి రెండు మాత్రలు తెచ్చినాడు. రెండు గంటలకు నొప్పి దిగిపోయినది. సాయంకాలము ఉయ్యాలలో బిడ్డను వేసి పాటలు పాడినారు. అందరును ఊరట చెందిరి.

మరునాడు మధ్యాహ్నము దగ్గు వచ్చినపుడు అదే నొప్పి మరల వచ్చి పడినది. “నిన్నటిలాగే తగ్గిపోతుందిలే” అని ఇంటివారు అనుకొనిరి. అట్లే తగ్గినది. ఈ ‘తగ్గిపోతుందిలే’ అను మాటయే నేటి మా ప్రసంగమునకు విషయము. ఏలయన ఈ నొప్పి విషయమున తగ్గుట వేరు, నయమగుట వేరు.

మొదట మెదడు సంగతి కొంత చెప్పుకొందము. శరీరమునందలి నొప్పులన్నిటిని మనకు తెలియజేయునది మెదడే. కాని మెదడు పదార్థమునకు నొప్పి తెలియదు. నొప్పి తెలియునది దానిని కప్పియున్న పొరలకును, దానికి రక్తమును తెచ్చు పెద్ద నాళముల గోడలకును. మెదడు బరువు దాదాపు 1,400 గ్రాములు. అనగా శరీరపు బరువులో నూటికి రెండు పాళ్ళు. కాని విశ్రాంతిగ నున్నపుడు శరీరము వాడుకొను ఆమ్లజనిలో నూటికి ఇరువది పాళ్ళు దానికే కావలెను. ఆ ఆమ్లజనిని మోసికొని నాలుగు ధమనులు మెడ గుండ పైకి పోవుచున్నవి: రెండు మెడకు ముందు ప్రక్కలను, రెండు వెన్నుపూసల వెంటను. కపాలపు అడుగున ఇవి కలిసి ఒక వలయముగ ఏర్పడును. 1664లో థామస్ విల్లిస్ అను ఆంగ్ల వైద్యుడు తన గ్రంథమున దీనిని స్పష్టముగ వర్ణించి చిత్రింపించెను గనుక నేటికిని దానిని విల్లిస్ వలయమనియే పిలుచుచున్నారు.

ఈ ధమనులు ఇనుప గొట్టములు కావు. వాని గోడలలో కండరపు పోగులు చుట్టుచుట్టుగ నుండును. ఆ పోగులు బిగిసిన నాళము సన్నమగును, సడలిన వెడల్పగును. మన వీధులలో నల్లా నీరు వదలునపుడు ఒత్తిడి ఎక్కువైన చోట వాల్వును కొంత బిగించి, తక్కువైన చోట కొంత వదలుట చూచుచున్నాము గదా! మెదడు ధమనులు ఇట్టి పనిని తమంత తామే, క్షణక్షణము చేసికొనుచుండును. మనము పడుకొన్నను, లేచినను, కోపగించినను, మెట్లెక్కినను మెదడునకు చేరు రక్తము పెద్దగ మారకుండుటకు ఇదియే కారణము.

ఈ ఏర్పాటు కొందరిలో కొంతకాలము పట్టు తప్పును. ధమనులు ఎక్కడపడిన అక్కడ బిగుసుకొనును. నడుమనడుమ సడలియో, ఉబ్బియో యుండును. పటము తీసి చూచిన ఒక్కొక్క ధమని పూసలు గ్రుచ్చిన దండవలె కనబడును. కొన్ని వారములు గడచిన తరువాత ఆ బిగువు తనంత తాను సడలి, ధమని యథారూపమునకు వచ్చును. అందుచేతనే వైద్యులు దీనిని ‘తిరిగి సరియగు మెదడు ధమనుల సంకోచము’ అను అర్థము వచ్చు పేరుతో పిలుచుచున్నారు. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరములను తీసికొని ఆర్‌.సి.వి.ఎస్‌. అని వాడుదురు.

తిరిగి సరియగునది గదా, భయమేల అని అడుగవచ్చును. ఇక్కడనే మెలకువ అవసరము. ఈ సంకోచము మొదట మెదడు అంచులనున్న సన్నని ధమనులలో ఆరంభమై, దినములు గడచిన కొలది లోపలి పెద్ద ధమనుల వైపునకు ప్రాకునని నిపుణులు భావించుచున్నారు. మొదటి వారమున సన్నని నాళములు తాళలేక చిట్లి మెదడుపైన పలుచగ రక్తము చేరవచ్చును. అరుదుగ మెదడులోపలను రక్తస్రావము కావచ్చును. మెదడు వెనుక భాగము వాచి మూర్ఛ రావచ్చును, చూపు మందగింపవచ్చును. తలనొప్పులు వెనుకబట్టిన రెండవ వారమున పెద్ద ధమనులు మిక్కిలి బిగుసుకొని, రక్తము చాలక పక్షవాతము రావచ్చును. అనగా నొప్పి తగ్గినదని ఇల్లంతయు సంతోషించుచున్న సమయముననే అసలు ప్రమాదము సమీపింపవచ్చునన్నమాట. ఆ బారసాల యింటికి పొంచియున్న అపాయము ఇదియే.

ఈ వ్యాధిని గుర్తించిన కథయు తెలిసికొనదగినది. గ్రుడ్డివారు ఏనుగును తడవి చూచిన కథ మనకు తెలియును. ఇక్కడను అట్లే జరిగినది. కాన్పు చేయు వైద్యులు దీనిని బాలింతల వ్యాధి యనిరి. తలనొప్పి వైద్యులు పార్శ్వపునొప్పిలో ఒక విశేషమనిరి. మందుల వికారములను పరిశీలించువారు మందుల వలన వచ్చినదనిరి. మరికొందరు ధమనుల వాపని తలచిరి. 1988లో కాల్, ఫ్లెమింగ్ అనువారును, వారి సహచరులును ఈ సంకోచము సరియగు స్వభావము కలదని వివరించి యొక వ్యాసమును ప్రకటించిరి. అందుచే కొంతకాలము దీనికి కాల్-ఫ్లెమింగ్ వ్యాధి యను పేరు వ్యవహారమున నుండెను. 2007లో కొందరు నిపుణులు ఇవి యన్నియు ఒకే ఏనుగు అవయవములని తేల్చి, ఇప్పటి పేరును, గుర్తించు పద్ధతిని నిర్ణయించిరి.

ఆ సంవత్సరముననే పారిస్ నగరమునందలి లారిబువాజియేర్ ఆసుపత్రి వైద్యులు 67 మంది రోగుల వివరములను ప్రకటించిరి. వారిలో 43 మంది స్త్రీలు. సగటు వయస్సు 42 సంవత్సరములు. నూటికి తొంబదిమందికి పైగా పిడుగువంటి నొప్పి ఒకమారుతో ఆగక, ఒకటి రెండు వారములపాటు మరల మరల వచ్చినది. ఇట్టి మరల మరల వచ్చు పిడుగే ఈ వ్యాధికి ముఖ్యమైన ఆనవాలు. సామాన్యముగ ఒక్కొక్క నొప్పి గంట నుండి మూడు గంటల వరకు ఉండును; తలకు వెనుకవైపున ఆరంభమై తలంతయు క్రమ్మును; వికారము, వాంతి, వెలుతురు సహింపలేకపోవుట తోడగును. పార్శ్వపునొప్పికిని దీనికిని గల భేదము ఇచ్చట గమనింపవలెను. పార్శ్వపునొప్పి మెల్లగ ఆరంభమై కొన్ని నిమిషములకో గంటలకో ముదురును. ఇది నిమిషములోపలనే శిఖరమెక్కును.

నొప్పిని రేపు నిమిత్తములు విచిత్రముగ నుండును. గట్టిగ దగ్గుట, తుమ్ముట, మలవిసర్జనకై ముక్కుట, బరువెత్తుట, దాంపత్యము, హఠాత్తుగ వచ్చిన కోపము లేక దుఃఖము — వీనిలో ఏదైనను కావచ్చును. స్నానముకూడ ఒక నిమిత్తమే. జపాను, తైవాను మొదలగు దేశముల వైద్యులు ఒంటిపై నీరు పడగనే ఇట్టి నొప్పి వచ్చిన స్త్రీలను గూర్చి వ్రాసియున్నారు. ఇచ్చట ఒక పొరపాటు రాకుండ చూచుకొనవలెను. తలపై వేడినీరు త్వరత్వరగ పోసికొనునపుడు కొందరికి మూర్ఛ వచ్చుట మన దక్షిణదేశమున, ముఖ్యముగ కర్ణాటక ప్రాంతమున, ఎరిగిన విషయమే. బెంగుళూరు నిమ్‌హాన్స్ వైద్యులు దానిని చిరకాలము పరిశీలించిరి. అది వేరు, ఇది వేరు. మరియు తలంటు దోషము కాదు, వేడినీరు దోషము కాదు. అప్పటికే పట్టు తప్పియున్న ధమనులకు అది ఒక చిన్న నెట్టు మాత్రమే.

మూలకారణము వెదకిన కొందరిలో ఏదియు కనబడదు. కాని చాలమందిలో రెండు విషయములు బయటపడును: ఒకటి కాన్పు, రెండవది మందులు.

కాన్పు తరువాతి ఆరు వారములు, అందును మొదటి వారము, ఎక్కువ జాగ్రత్త కావలసిన కాలము. గర్భము సుఖముగ సాగి, కాన్పు సుఖముగ జరిగిన స్త్రీలకును ఈ వ్యాధి రావచ్చును. గర్భమున లేని రక్తపుపోటు కాన్పు తరువాత ఆరు వారములలోపల క్రొత్తగ తలయెత్తి, తలనొప్పిగను మూర్ఛగను బయటపడుటయు కలదు. వెన్నులో మత్తుమందు ఇచ్చి ఆపరేషన్ చేసినవారికి కొన్ని దినములు ఒక తలనొప్పి వచ్చును. అది లేచి కూర్చున్న హెచ్చును, పడుకొన్న తగ్గును. దానికిని పిడుగు నొప్పికిని భేదము కలదు. ఈ భేదములను నిర్ణయించుట వైద్యుని పని. బాలింతకు వచ్చిన హఠాత్తు తలనొప్పిని గాలికి, నిద్రలేమికి అంటగట్టకుండుట ఇంటివారి పని.

ఇక మందులు. జలుబు చేసి ముక్కు దిబ్బడ వేసినపుడు వాడు చుక్కలలోను, మాత్రలలోను రక్తనాళములను ముడుచుకొనజేయు ద్రవ్యములు ఉండును. ముక్కులోని నాళములు ముడుచుకొనును గనుకనే ఊపిరి సుళువుగ ఆడును. కాని రక్తములో కలిసిన మందునకు ముక్కేదో మెదడేదో తెలియదు. సూడోఎఫిడ్రిన్, ఫినైలెఫ్రిన్ మొదలగునవి ఈ తెగకు చెందినవి. అట్టిదే యైన ఫినైల్‌ప్రొపనోలమైన్ అను మందు మెదడులో రక్తస్రావమునకు దారి తీయుచున్నదని తెలిసి 2000 సంవత్సరమున అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ దానిని విపణి నుండి తొలగింపుమని కంపెనీలను కోరెను. పార్శ్వపునొప్పికి ఇచ్చు ఎర్గట్, ట్రిప్టాన్ మందులును, మనోవ్యాకులతకు ఇచ్చు కొన్ని మందులును ధమనులపై పని చేయును. గంజాయి, కొకెయిన్ వంటి మత్తు పదార్థముల సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇది విని ఎవరును తమకు వైద్యుడు వ్రాసిన మందును భయపడి మానరాదు. కాన్పు తరువాత రక్తస్రావమును అరికట్టుటకు ఇచ్చు మిథైల్ ఎర్గొమెట్రిన్ ఈ తెగలోనిదే యైనను ఎందరో తల్లుల ప్రాణములను కాచినది. మనోవ్యాకులతకు వాడు మందును హఠాత్తుగ మానిన వేరొక అనర్థము రావచ్చును. మా మనవి ఇంతే: పిడుగువంటి నొప్పి వచ్చినపుడు అంతకుముందు నెల దినములలో ఏమేమి మందులు మ్రింగితిరో, ముక్కులో ఏమి చుక్కలు వేసికొంటిరో, నాటువైద్యము ఏమి తీసికొంటిరో అన్నియు వైద్యునికి దాచక చెప్పుడు. మామూలు జలుబునకు వైద్యుని అడుగకుండ వారముల తరబడి ముక్కు చుక్కలు వాడకుడు. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదను సామెత ఊరక పుట్టలేదు.

ఇట్లు చెప్పునపుడు మా కండ్లకు అశోకనగర్ వీధులు కట్టుచున్నవి. ఉద్యోగపు పరీక్షలకు చదువుటకై జిల్లాల నుండి వచ్చిన యువకులు, యువతులు అచ్చటి గదులలో నలుగురైదుగురు చొప్పున ఉందురు. పగలు గ్రంథాలయమున, రాత్రి గదిలో చదువుదురు. జలుబు చేసిన మాత్ర కొని మ్రింగి పుస్తకము ముందు కూర్చుందురు. తలనొప్పి వచ్చిన “చదువు ఎక్కువైంది” అనుకొందురు. చదువు వలన వచ్చు నొప్పి సాయంకాలమునకు మెల్లగ ముదురునదే గాని, నిమిషములో తల బ్రద్దలు చేయునది కాదు. అట్టి గదిలో తల్లి లేదు, పెద్దమ్మ లేదు. ప్రక్క చాపపై పడుకొన్న మిత్రుడే సర్వమును. కావున ఈ భేదము ఇంటి పెద్దలకు ఎంత తెలియవలెనో, ఆ మిత్రునికిని అంతే తెలియవలెను.

పిడుగు నొప్పికి ఆర్‌.సి.వి.ఎస్‌. ఒక్కటే కారణము కాదు. మొదట తలచుకొనవలసినది అంతకంటె భయంకరమైనది. మెదడు ధమని గోడలో ఒకచోట బుడగవలె ఉబ్బి, ఆ బుడగ పగిలి రక్తము పొరల నడుమ చిమ్ముటయే అది. ఇట్టి తలనొప్పితో ఆసుపత్రికి వచ్చినవారిలో సుమారు పదిమందికి ఒకరి నుండి నలుగురికి ఒకరి వరకు ఈ కారణము కనబడునని పరిశీలకులు చెప్పుచున్నారు. ఆలస్యమైన ఆ బుడగ మరల పగులవచ్చును; రెండవమారు పగిలిన బ్రతుకుట కష్టము. మెడలోని ధమని పొర చీలుటయు ఇంకొక కారణము.

మరియొకటి మన నగరమున బాగుగ పరిశీలింపబడినది. మెదడు నుండి చెడురక్తమును తిరిగి తెచ్చు సిరలలో రక్తము గడ్డకట్టు వ్యాధి కలదు. దీని తలనొప్పి సామాన్యముగ కొన్ని దినములలో ముదురును. కొందరిలో మాత్రము పిడుగువలెనే వచ్చును. పంజగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు ఈ వ్యాధి వచ్చిన 428 మంది వివరములను వరుసగ నమోదు చేసి 2012లో ప్రచురించిరి. వారి సగటు వయస్సు 31 సంవత్సరముల ప్రాంతము. పూర్వము దీనిని బాలింతల వ్యాధిగనే తలచువారు. కాని ఈ నమోదులో సగమునకు మించి పురుషులే యుండిరి. రక్తహీనత, మద్యపానము, రక్తమున హోమోసిస్టీన్ అను పదార్థము హెచ్చుట, గర్భనిరోధక మాత్రలు, కాన్పు — ఇవి అందు కనబడిన కారణములలో కొన్ని. ఒంటిలో నీరు తగ్గుటయు రక్తము గడ్డకట్టుటకు తోడ్పడును. బాలింతకు పథ్యమను పేర దాహమునకు సైతము నీరు చాలినంత ఇయ్యకుండుట కొన్ని యిండ్లలో నేటికిని కలదు. ఆ ఆచారమును విడుచుట మంచిది.

ఇన్ని కారణములలో ఏది అగునో ముఖము చూచి చెప్పుట ఎంతటి వైద్యునికిని సాధ్యము కాదు. పరీక్షలు చేయవలసినదే. ఈ పరీక్షల వెనుక నూరు సంవత్సరములకు మించిన కృషి యున్నది. 1891లో జర్మనీ వైద్యుడు క్వింకె నడుము వెన్నుపూసల నడుమ సూది గ్రుచ్చి మెదడు నీటిని తీయు పద్ధతిని ప్రకటించెను. 1927లో లిస్బను నగరమున ఈగాస్ మోనిజ్ ధమనులలోనికి మందు ఎక్కించి ఎక్స్‌కిరణములతో మెదడు ధమనుల పటమును తీసెను. 1971లో హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. యంత్రముతో లండనులో తొలిసారి ఒక రోగి మెదడును చూచిరి. నేడు ఈ మూడు మార్గములును పిడుగు నొప్పికి వినియోగపడుచున్నవి.

కాలము ఇక్కడ మిక్కిలి విలువైనది. నొప్పి ఆరంభమైన 6 గంటలలోపల మంచి యంత్రమున సి.టి. తీసిన, పొరలలోని రక్తము దాదాపు తప్పక కనబడును. దినములు గడచిన కొలది ఆ రక్తము పలుచబడి కనబడకపోవచ్చును. అపుడు నడుము నీటి పరీక్ష అవసరమగును. పిమ్మట ధమనుల పటమును, సిరల పటమును తీయుదురు. ఇందులో ఒక మెలిక కలదు. ఆర్‌.సి.వి.ఎస్‌. మొదట సన్నని ధమనులలో ఆరంభమగును గనుక మొదటి వారము తీసిన పటము సరిగనే యుండవచ్చును. కనుక “పటములో ఏమియు లేదు” అన్నంత మాత్రమున పిడుగు మరల పడినపుడు ఇంట కూర్చుండరాదు. మరల పోయి చూపవలెను. వైద్యులు మరల పటము తీయుదురు.

వ్యాధి ఇదియే యని తేలినచో చికిత్స ఆడంబరముగ నుండదు. రేపిన మందును మానిపింతురు. కొన్ని దినములు ఆసుపత్రిలో ఉంచి రక్తపుపోటును కనిపెట్టుచుందురు. నొప్పికి మందిత్తురు, ధమనులను సడలించు నిమోడిపిన్ వంటి మందును తరచు వాడుదురు. బరువులెత్తుట, ముక్కుట, దాంపత్యము కొన్ని వారములు వలదందురు. ధమనుల వాపని పొరబడి స్టెరాయిడ్ మందులిచ్చిన కొందరి స్థితి మరింత చెడినట్లు వైద్యులు గమనించిరి. అందుచే సరియైన నిర్ణయము మొదటనే జరుగుట ముఖ్యము. పన్నెండు వారములలోపల ధమనులు యథాస్థితికి వచ్చును. నూటికి తొంబదిమంది ప్రాంతము ఏ లోపమును లేక కోలుకొందురు. కొందరికి మాత్రము పక్షవాతపు లోపము మిగులును. అరుదుగ ప్రాణాపాయము కలుగును. ఒకమారు వచ్చి పోయినవారికి మరల వచ్చుట అరుదు.

ఇక ఇంటివారు చేయవలసిన పనులు. నొప్పి ఎన్ని గంటలకు, ఏమి చేయుచుండగ ఆరంభమైనదో గుర్తుంచుకొనుడు. వైద్యుడు అడుగు మొదటి ప్రశ్న అదియే. రోగిని ఒంటరిగ నిద్రపుచ్చకుడు. ఇంటనున్న ఏదో మాత్రను, ముఖ్యముగ ఆస్పిరినును, మీ అంతట మీరు ఇయ్యకుడు. లోపల రక్తస్రావమున్నచో అది అపకారము చేయవచ్చును. రోగి తానే బండి నడపుకొని పోరాదు. 108 నంబరునకు ఫోను చేయుడు. 2005 ఆగస్టు 15న మన హైదరాబాదుననే ఆరంభమైన సేవ అది. సి.టి. యంత్రమున్న ఆసుపత్రికే తీసికొనిపొండు. మాట తడబడుట, మూతి వంకరపోవుట, కాలుసేతులు పడిపోవుట, చూపు మసకబారుట, మూర్ఛ, మెడ బిగియుట, స్పృహ తప్పుట — వీనిలో ఒక్కటి కనబడినను ఒక నిమిషమైనను ఆలోచింపకుడు. ఇవి ఏవియు లేకున్నను పిడుగు నొప్పి ఒక్కటియే చాలును ఆసుపత్రికి పోవుటకు.

తలనొప్పి వచ్చిన ప్రతివారును హడలిపోవలెనని మా ఉద్దేశము కాదు. నిన్నటివలెనే నేడును వచ్చిన, మీకు చిరపరిచితమైన తలనొప్పికి శొంఠి పట్టు చాలును, కాఫీ చాలును, నిద్ర చాలును. అడుగవలసిన ప్రశ్న ఒకటే: “ఇది మెల్లగ వచ్చినదా, ఒక్కసారిగ పడినదా?” ఒక్కసారిగ పడినదను సమాధానము వచ్చినచో తక్కిన మాటలన్నియు పిమ్మట చెప్పుకొనవచ్చును.

మన హిమాయత్‌నగరు ఇంటికి మరల పోదము. స్నానపు గదిలో కేక వినబడినది. పెద్దమ్మ దూదికై లేచుచున్నది. మేనత్త నిద్రలేమి సంగతి చెప్పబోవుచున్నది. అపుడు తల్లి ఆ ప్రశ్న అడుగును. కూతురు “ఒక్కసారిగానే వచ్చిందమ్మా” అనును. తమ్ముడు మందుల దుకాణమునకు గాక ఫోను కడకు పరుగెత్తును. బిడ్డను మేనత్త ఎత్తుకొనును. బారసాల ఒక నెల ఆగును. ఉయ్యాల ఎక్కడికిని పోదు. పాటలును ఎక్కడికిని పోవు. ఆ ఉయ్యాల ప్రక్కన నిలిచి పాడుటకు ఆ తల్లి నిండు ఆరోగ్యముతో ఉండవలెను గదా!